ఇద్దరు రోగుల నడుమ పది నిమిషాలు

డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ స్మృతిలో ఉపన్యాసం

భారతదేశంలో మొదటి దంతవైద్య కళాశాల ఒక ఐస్‌క్రీం దుకాణం రాబడితో నిలబడింది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో పట్టా పుచ్చుకుని కలకత్తా తిరిగొచ్చిన రఫీయుద్దీన్ అహ్మద్ 'న్యూయార్క్ సోడా ఫౌంటెన్' అనే దుకాణం పెట్టారు. దాని లాభాలతో 1920లో కళాశాల మొదలుపెట్టారు. 1949లో దాన్ని ప్రభుత్వానికి రాసిచ్చేశారు. 1964లో పద్మభూషణ్ వచ్చింది, మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆయన పుట్టిన డిసెంబరు 24ను దేశంలో దంతవైద్యుల దినంగా జరుపుతున్నారు. ఆ రోజున పటానికి దండ, బడిపిల్లలకు బ్రష్షులు, ఒక ఉచిత శిబిరం మామూలే. ఆయన చేసిన పనుల్లో జనానికి అంతగా గుర్తులేనిది ఇంకొకటి ఉంది. 1939లో వచ్చిన బెంగాల్ దంతవైద్యుల చట్టం వెనుక ఉన్నది ఆయన పట్టుదలే. పన్ను పీకే మనిషి పేరు సర్కారు పుస్తకంలో ఉండి తీరాలన్న మాట అక్కడ చట్టమైంది. తొమ్మిదేళ్లకు దేశమంతటికీ 1948 దంతవైద్యుల చట్టం వచ్చింది.

ఆ చట్టం చేసిన ఏర్పాటు ఒకటి ఇప్పుడు తలచుకుంటే ఆసక్తిగా ఉంటుంది. రిజిస్టరులో రెండు భాగాలు పెట్టారు. గుర్తింపు పొందిన చదువు ఉన్నవాళ్లు 'ఎ' భాగంలోకి వెళ్లారు. చదువు లేకపోయినా కనీసం ఐదేళ్లుగా ఇదే వృత్తితో బతుకుతున్నవాళ్లను 'బి' భాగంలో చేర్చుకున్నారు. సంతలో చాప పరుచుకుని కూర్చున్నవాళ్లను ఒక్క కలంపోటుతో తీసేస్తే పల్లెల్లో పంటినొప్పికి దిక్కెవరన్న ఆలోచన అందులో ఉంది. తెలివైన రాజీయే. కానీ చట్టం దృష్టంతా 'ఎవరు' అన్న ప్రశ్న మీదే నిలిచింది. 'ఎలా' అన్న ప్రశ్న, అంటే ఒక నోట్లోంచి తీసిన పనిముట్టు ఇంకో నోట్లోకి వెళ్లేలోపు ఏమవుతుందన్న ప్రశ్న, చాలాకాలం డాక్టరు మనస్సాక్షికే మిగిలిపోయింది. 1948 చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టం చేసింది. అందులోనూ చదువులు, కళాశాలలు, రిజిస్టర్లదే పెద్దపీట.

ఆ 'ఎలా' అన్న ప్రశ్నను మన ఊళ్ల నుంచి చూద్దాం. నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. అంతకుముందు వైద్య ఆరోగ్య శాఖ జిల్లా అధికారిని, జనం నోట డీఎంహెచ్‌ఓను, కలవాలంటే కర్నూలు బస్సెక్కాల్సి వచ్చేది. ఇప్పుడా కార్యాలయం ఊళ్లోనే ఉంది. నంద్యాల నుంచి నలభయ్యో నంబరు జాతీయ రహదారి మీద కడప వైపు గంటసేపు పోతే ఆళ్లగడ్డ. శిల్పులకు పేరుపడ్డ ఊరు, అహోబిలం వెళ్లే భక్తులు దిగే ఊరు. రుద్రవరం, చాగలమర్రి, ఉయ్యాలవాడ, దొర్నిపాడు వైపు రైతులకు పన్ను పుచ్చినా చిగురు వాచినా దగ్గరి పట్నం అదే. పనులు లేని రోజుల్లో, చేతిలో నాలుగు డబ్బులున్నప్పుడు వస్తారు. అప్పటిదాకా లవంగనూనె, నొప్పి మాత్రతో నెట్టుకొస్తారు. వచ్చాక ఒకే పూటలో పని తేలిపోవాలంటారు, మళ్లీ రాలేమంటారు. పళ్ల డాక్టరు మీద ఉన్న ఒత్తిడిలో సగం ఇదే.

ఈ ఊళ్లలో ఒక దంత క్లినిక్కు తలుపు తెరవాలంటే ఎన్ని గడపలు తొక్కాలో చూద్దాం. రాష్ట్ర దంతవైద్య మండలిలో డాక్టరు పేరు నమోదై ఉండాలి. ఆ నంబరును క్లినిక్కులో కనిపించేట్టు పెట్టాలి, మందుచీటీ మీదా వేయాలి. 2002లో ఆంధ్రప్రదేశ్ చేసిన ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్ చట్టం కింద డీఎంహెచ్‌ఓ దగ్గర నమోదు చేయించి, ఐదేళ్లకోసారి తిరగరాయించుకోవాలి. కేంద్రం 2010లో ఇంకో చట్టం తెచ్చినా ఇక్కడ నడుస్తున్నది మన చట్టమే. దూది, సూదులు, పీకిన పళ్ల సంగతి కాలుష్య నియంత్రణ మండలిది. ఎక్స్‌రే యంత్రం పెడితే ముంబయిలోని అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి. చిన్న పంటి ఎక్స్‌రేకి అణుశక్తి వాళ్లేమిటని నవ్వేవాళ్లున్నారు. రేడియేషన్ ఎక్కడున్నా లెక్క ఆ మండలిదే. రోజూ ఆ గదిలో పనిచేసేవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, బయట కూర్చున్న మామూలు జనానికి 1 మిల్లీసీవర్టు మించకూడదన్న హద్దు పెద్దాసుపత్రికీ, ఒంటి కుర్చీ క్లినిక్కుకూ ఒకటే.

ఇన్ని గడపలున్నాయి కాబట్టి అన్నీ భద్రమే అనుకోవచ్చా?

దీనికి జవాబు వెతకాలంటే చిత్తూరు జిల్లా సరిహద్దు దాటి తమిళనాడులోని వాణియంబాడికి వెళ్లాలి. తిరుపత్తూరు జిల్లాలో పాలారు ఒడ్డున తోళ్ల పరిశ్రమ ఊరది. 2022 జూలైకీ 2023 ఏప్రిల్‌కీ మధ్య ఆ చుట్టుపక్కల నుంచి వింత జ్వరంతో రోగులు వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి చేరసాగారు. తలనొప్పి, ముఖం ఒకవైపు వంకరపోవడం, మాట తడబడటం, చూస్తుండగానే స్పృహ తప్పడం దాని లక్షణాలు. తేలిన జబ్బు మెదడుకు సోకిన మెలియాయిడోసిస్. బర్కోల్డేరియా సూడోమల్లై అనే సూక్ష్మజీవి తెచ్చే జబ్బు. ఆ జీవి మట్టిలో, నీటిలో ఉంటుంది, మామూలుగా పొలంలో కాలి గాయం గుండా వస్తుంది. మొత్తం 21 మంది రోగులు తేలితే అందులో 10 మంది అంతకుముందు ఒకే దంత క్లినిక్కులో చికిత్స చేయించుకున్నవాళ్లు. ఆ పదిమందిలో 8 మంది చనిపోయారు. మిగతా 11 మందిలో పోయింది ఒక్కరే. సీఎంసీ, భారత వైద్య పరిశోధన మండలి, తమిళనాడు ప్రజారోగ్య శాఖ వాళ్లు కలిసి చేసిన దర్యాప్తు 2025లో లాన్సెట్ పత్రికల్లో ఒకదానిలో అచ్చయింది.

దర్యాప్తు చివరికి ఒక సెలైన్ సీసా దగ్గర ఆగింది. సెలైన్ సీసా మూతను చిగురు ఎత్తడానికి వాడే పనిముట్టుతోనే తెరిచారు. కొంత వాడి, మూత వదులుగా పెట్టి, అదే సీసాను తర్వాతి రోగులకూ వాడుతూ పోయారు. సెలైన్‌లో క్రిమిని చంపే మందేమీ కలపరు. ఒకసారి తెరిచాక మిగిలింది పారబోయాల్సిందే. నోట్లో పుండు మీద పడ్డ ఆ నీటి నుంచి క్రిమి నరాల వెంట నేరుగా మెదడు మొదలుకు పాకింది. పొలంలో గాయంతో వచ్చిన జబ్బు కంటే ఇది అంత వేగంగా ప్రాణం తీయడానికి కారణం ఆ దగ్గరి దారే కావచ్చు. ఆ సీసా ఖరీదు వంద రూపాయలు కూడా ఉండదు.

ఇది పొరుగు రాష్ట్రం గోడు అనుకుని పక్కన పెట్టడానికి లేదు. 2025 సెప్టెంబరులో గుంటూరు పక్కన తురకపాలెంలో వరుస మరణాలు బయటపడినప్పుడు మన పత్రికల్లో వచ్చిన అనుమానం ఇదే జబ్బు మీద. అక్కడ దంతవైద్యం ప్రమేయమేమీ లేదు, కానీ ఆ క్రిమికి తెలుగు మట్టి కొత్త కాదని అందరికీ తెలిసింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ సెలైన్ సీసాను ఏ తనిఖీ పట్టుకునేది? పట్టా గోడమీద ఉండవచ్చు. రిజిస్ట్రేషన్ గడువు మిగిలే ఉండవచ్చు. చెత్త బుట్టలు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం వరసలో పెట్టి ఉండవచ్చు. కాగితాల మీద ఆ క్లినిక్కు ఏ మచ్చా లేకుండా తేలిపోయి ఉండేది. మన దగ్గర తనిఖీ అంటే ఎక్కువగా ఈ కాగితాల తనిఖీయే, అదీ ఫిర్యాదు వచ్చాకో, పత్రికలో పడ్డాకో. నకిలీ డాక్టర్ల మీద దాడి చేసి షట్టరు దించితే ఫోటో వస్తుంది. నిజమైన పట్టా ఉన్న డాక్టరు గదిలో చేతులు కడిగే తొట్టి పక్కన నిలబడి గంటసేపు చూస్తే ఫోటో రాదు. ప్రమాదం మాత్రం ఎక్కువసార్లు ఆ తొట్టి దగ్గరే ఉంటుంది.

అమెరికాలోనూ ఇదే. ఓక్లహామా రాష్ట్రంలోని టల్సాలో వేరే ఏ కారణమూ దొరకని ఒక రోగికి హెపటైటిస్ సి వచ్చిందని తెలిసి 2013లో రాష్ట్ర దంతవైద్య బోర్డు వాళ్లు ఒక నోటి శస్త్రచికిత్స క్లినిక్కులోకి వెళ్లారు. దాన్ని నడిపేది పేరున్న, ఏళ్ల అనుభవమున్న డాక్టరు. లోపల తుప్పు పట్టిన పనిముట్లు దొరికాయి. ఆటోక్లేవ్ పనిచేస్తోందా లేదా అన్న పరీక్ష ఆరేళ్లుగా చేయించలేదు. రోగికి మత్తు సూది ఎక్కించే పని సహాయకులు చేస్తున్నారు. దాదాపు 7 వేల మందికి 'వచ్చి రక్తపరీక్ష చేయించుకోండి' అని ఉత్తరాలు వెళ్లాయి. దంత క్లినిక్కులో ఒక రోగి నుంచి ఇంకో రోగికి హెపటైటిస్ సి అంటినట్టు అమెరికాలో రుజువైన మొదటి ఘటన అదే.

ఆటోక్లేవ్ సంగతి కొంచెం విప్పి చెప్పాలి, ఎందుకంటే ఆళ్లగడ్డ లాంటి ఊళ్లో అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. చూడటానికి పెద్ద ప్రెషర్ కుక్కరులా ఉంటుంది. ఆవిరిని ఒత్తిడిలో పెట్టి 121 డిగ్రీల వేడిని పావుగంట నుంచి ఇరవై నిమిషాలు నిలబెడుతుంది. 134 డిగ్రీలయితే మూడు నాలుగు నిమిషాలు చాలు. వేడెక్కడం, చల్లారడం, ఆరడం కలిపితే ఒక విడతకు అరగంట పైనే పడుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ విడత లెక్కలోకి రాదు, మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. బోరునీళ్లు పోస్తే లోపల గార కట్టి, కొన్నాళ్లకు వేడి సరిగా అందదు, కాబట్టి డిస్టిల్డ్ వాటరే పోయాలి. పొట్లం మీది టేపు నల్లబడితే పని అయిపోయిందని చాలామంది నమ్మకం. ఆ టేపు చెప్పేది వేడి తగిలిందని మాత్రమే. లోపలి క్రిములు చచ్చాయో లేదో చెప్పేది బీజాంశాల పరీక్ష. ఆవిరికి మహా మొండిదయిన ఒక క్రిమి బీజాంశాలను చిన్న గొట్టంలో పెట్టి, ఆటోక్లేవ్‌లో ఉంచి తీసి, అవి మళ్లీ మొలకెత్తుతాయో లేదో చూస్తారు. టల్సాలో ఆరేళ్లు చేయించనిది ఈ పరీక్షే. నీళ్లలో మరిగించడం ఈ బీజాంశాల ముందు పనికిరాదు, అయినా మరిగించే గిన్నెలు ఇంకా పూర్తిగా మాయం కాలేదు.

హ్యాండ్‌పీసు లెక్క ఇంకా తేటగా ఉంటుంది. పన్ను తొలిచే ఆ పరికరం నిమిషానికి మూడు లక్షలకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆగిన క్షణంలో నోట్లోని ఉమ్మి, రక్తం తుంపర్లను కొంచెం లోపలికి పీల్చుకుంటుంది. పైపైన స్పిరిటు దూదితో తుడిస్తే లోపల ఉన్నది పోదు. ప్రతి రోగికీ ఆటోక్లేవ్ చేసిన హ్యాండ్‌పీసు పెట్టాలి. ఒక క్లినిక్కులో ఒక్క హ్యాండ్‌పీసే ఉందనుకుందాం. ఉదయం పది నుంచి రెండు దాకా పన్నెండుమందికి పళ్లు తొలిచారనుకుందాం. అంటే ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. తొలవడానికే పది పోతే రోగికీ రోగికీ మధ్య మిగిలేది పది నిమిషాలు. ఆటోక్లేవ్ అడిగేది అరగంట. ఏ చట్టమూ తెలియని మనిషి కూడా ఈ కూడిక తీసివేత చేయగలడు. రోగుల పుస్తకం ఒకటి, హ్యాండ్‌పీసుల సంఖ్య ఒకటి, ఆటోక్లేవ్ విడతల రిజిస్టరు ఒకటి పక్కపక్కన పెడితే, ఏ డాక్టరునూ ఒక్క మాట అడగకుండానే ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందో తెలిసిపోతుంది. ఈ ఉపన్యాసంలో చెప్పదలచుకున్న మాట ముఖ్యంగా ఇదే. తనిఖీ జరగాల్సింది ఆ పది నిమిషాల మీద. గోడమీది ఫ్రేములను ఎవరైనా చూడగలరు.

మత్తుమందు సీసా కూడా ఆ పది నిమిషాల్లోదే. మన దేశంలో పంటికి వేసే లిగ్నోకెయిన్ ఎక్కువగా ముప్పై మిల్లీలీటర్ల సీసాల్లో వస్తుంది. రోగికి రెండు మిల్లీలీటర్ల చొప్పున ఒక సీసా పదీ పదిహేనుమందికి సరిపోతుంది. ప్రతిసారీ కొత్త సిరంజి, కొత్త సూదితో తీస్తే ఇబ్బంది లేదు. చికిత్స మధ్యలో మత్తు చాలలేదని, అప్పటికే నోట్లో పెట్టిన సూదితోనే సీసాలోంచి ఇంకొంచెం లాగితే, ఆ రోగి రక్తం సీసాలో కలిసి ఆ తర్వాత వచ్చే వాళ్లందరికీ అందినట్టు. చాలా దేశాల్లో ఒక మనిషికి ఒకటే చొప్పున గాజు గొట్టం వాడి పారేస్తారు. ఇక్కడా అవి దొరుకుతాయి, ధర కాస్త ఎక్కువ. సీసానే వాడితే తెరిచిన తేదీ దాని మీద రాసి, 28 రోజులు దాటాక పారేయాలి. సీసా మీద తేదీ ఉందా లేదా చూడటానికి అధికారికి అర నిమిషం చాలు.

ప్రాణాపాయం వస్తే ఏం చేస్తారన్నది వేరే సంగతి, దీన్ని త్వరగా ముగించవచ్చు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో చిరునవ్వు తీర్చిదిద్దే చికిత్సకు వెళ్లిన పెళ్లి కుదిరిన 28 ఏళ్ల యువకుడు చనిపోయాడు. మత్తుమందు ఎక్కువైందని తండ్రి ఆరోపించారు, పోలీసులు కేసు పెట్టారు. మహానగరంలోనే అలా అయితే, ప్రభుత్వాసుపత్రి దాటితే పెద్ద వైద్యానికి గంట ప్రయాణం ఉన్న ఆళ్లగడ్డలో ఆక్సిజన్ సిలిండరు, అడ్రినలిన్ ఇంజెక్షను, వాటిని వాడటం తెలిసిన చెయ్యి ఉండి తీరాలి. ఇంజెక్షను గడువు తేదీ కూడా చూడాల్సిందే.

చెత్త విషయంలో మాత్రం చట్టం బాగానే రాశారు. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు క్లినిక్కు ఎంత చిన్నదైనా వదలవు. పీకిన పన్ను, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, సిరంజి గొట్టాలు ఎరుపులోకి, సూదులు గుచ్చుకోని తెల్లడబ్బాలోకి, గాజు నీలం డబ్బాలోకి పోవాలి. నలభై ఎనిమిది గంటలకు మించి నిల్వ ఉంచకూడదు. పనివాళ్లకు హెపటైటిస్ బి టీకా వేయించడం యజమాని బాధ్యతని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి. నెలజీతానికి పనిముట్లు కడిగే అమ్మాయికి ఆ టీకా మూడు మోతాదులూ పడ్డాయా అన్నది తనిఖీ ఫారంలో మొదటి ప్రశ్నగా ఉండాలి. హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం వారం రోజులు బతుకుతుంది. క్లినిక్కులో అందరికంటే ముందు సూది గుచ్చుకునేది ఆమెకే.

ఇంగ్లండులో ఈ పని వేరేగా చేస్తారు. 2011 ఏప్రిల్ నుంచి అక్కడి దంత క్లినిక్కులన్నీ కేర్ క్వాలిటీ కమిషన్ కింద నమోదు కావాలి. వాళ్లు వెళ్లి అడిగేవి ఐదు సంగతులు: ఇక్కడ చికిత్స భద్రమేనా, ఫలితం ఇస్తోందా, రోగితో దయగా ఉంటున్నారా, రోగి అవసరానికి స్పందిస్తున్నారా, నిర్వహణ సరిగా ఉందా. చూసింది చూసినట్టు రాసి, క్లినిక్కు పేరుతో సహా జనానికి బయటపెడతారు. అలాగని అక్కడ అంతా సవ్యంగా ఉందనీ కాదు. నాటింగ్‌హామ్ దగ్గర ఒక దంతవైద్యుడు గ్లవుజులు మార్చకుండా, పనిముట్లు శుద్ధి చేయకుండా పనిచేస్తున్నాడని 2014లో బయటపడింది ఏ అధికారి వల్లా కాదు. లోపలి మనిషి ఒకరు రహస్యంగా తీసిన వీడియో వల్ల. 22 వేల మంది పాత రోగులను పరీక్షలకు పిలవాల్సి వచ్చింది. అధికారి వచ్చిన రోజున ఎవరైనా గ్లవుజులు మారుస్తారు. మిగతా రోజుల సంగతి తెలిసేది లోపల పనిచేసేవాళ్లకూ, కుర్చీలో పడుకున్నవాళ్లకూ. ఆ కళ్లను కూడా తనిఖీలో కలుపుకోవాలి.

డాక్టర్ల పక్షాన ఒక మాట అనకపోతే అన్యాయమవుతుంది. కర్నూలులోనో కడపలోనో చదువు ముగించుకుని, అప్పుచేసి కుర్చీ కొని, నంద్యాలలో బోర్డు కట్టిన యువ డాక్టరుకు పక్కసందులో ఇంకో బోర్డు పోటీ. పన్ను పీకడానికి ఎంతని ముందే బేరమాడే ఊళ్లో, శుద్ధి ఖర్చును ఫీజులో కలిపి అడిగే ధైర్యం అందరికీ ఉండదు. శ్రద్ధగా ఆటోక్లేవ్ చేసే డాక్టరుకు రోజుకు నలుగురు రోగులు తగ్గుతారు. చేయని డాక్టరుకు ఆ నలుగురూ లాభం. కాగితాలే చూసి వెళ్లిపోయే తనిఖీ ఈ ఇద్దరినీ ఒకే గాట కడుతుంది. అంటే నిజాయితీపరుడు జేబులోంచి జరిమానా కడుతున్నట్టు. మంచి తనిఖీ వల్ల మొదట బాగుపడేది మంచి డాక్టరే, సంఘాలు దీనికి ఎదురు తిరగడంలో అర్థం లేదు.

పచారీ కొట్టులో త్రాసు మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది, దాని పక్కన తేదీ ఉంటుంది. కందిపప్పు కొనే మనిషికి ఇచ్చిన ఆ సౌకర్యాన్ని పన్ను పీకించుకునే మనిషికి ఎందుకివ్వరన్నది న్యాయమైన ప్రశ్నే. 1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో డబ్బిచ్చి వైద్యం చేయించుకునే రోగి వినియోగదారుడేనని తేల్చింది. దాంతో నష్టపరిహారం అడిగే హక్కు వచ్చింది. నష్టం జరగకముందు చూసుకునే వీలు మాత్రం ఇంకా రాలేదు.

నంద్యాల, ఆళ్లగడ్డ వాసులు ఈలోపు చేయగలిగినవి ఉన్నాయి. పనిముట్ల పొట్లాన్ని తమ కళ్లముందే చింపమని అడగవచ్చు. మత్తు సూది కొత్తదేనా, హ్యాండ్‌పీసు మార్చారా అని అడగవచ్చు. మంచి డాక్టరుకు కోపం రాదు, చూపించడానికి ఆయన దగ్గర ఉంటుంది. ఇంకొకటి కార్యాలయంలో అడగాల్సింది. జిల్లాలో నమోదైన దంత క్లినిక్కులు ఏవి, ఒక్కోదాన్ని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, ఆ రోజు ఆటోక్లేవ్ రిజిస్టరు చూశారా అన్న మూడు ప్రశ్నలను తెల్లకాగితం మీద తెలుగులో రాసి, సమాచార హక్కు చట్టం కింద డీఎంహెచ్‌ఓ కార్యాలయంలో ఎవరైనా ఇవ్వవచ్చు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. జిల్లా స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము పది రూపాయలు.